కనపడలేదని రాయడమూ పనే

న్యూయార్క్ రాష్ట్రంలో హెమ్లాక్ చెట్లు చూడటానికి మేం చలికాలమే బయల్దేరతాం. వాటిని పట్టి పీడించే పురుగు వేసవంతా నిద్రపోయి, చలి మొదలయ్యాక లేచి తింటుంది. అప్పుడే ఒంటిమీద తెల్లటి మైనపు నూగు పెంచుకుంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. ఊలీ అడెల్జిడ్ అంటారు దాన్ని. ఆవగింజంత కూడా ఉండదు.

జపాన్ నుంచి వచ్చిన ఈ పురుగు తూర్పు అమెరికాలో మొదట నమోదైంది 1951లో, వర్జీనియాలోని రిచ్‌మండ్ దగ్గర. ఇక్కడున్నవన్నీ ఆడవే. మగపురుగుతో పని లేకుండానే ఏడాదికి రెండు తరాలు పుట్టుకొస్తాయి. అంటే ఒక్కటి చేరినా చాలు. సూదిలాంటి ఆకు మొదలు దగ్గర నోరు గుచ్చి చెట్టు దాచుకున్న ఆహారం పీల్చేస్తుంది. పట్టించుకోకపోతే చాలా చెట్లు 4 నుంచి 10 ఏళ్లలో చచ్చిపోతాయి. 800 ఏళ్లు బతకగల జాతి ఇది! వాగుల ఒడ్డున దీని దట్టమైన నీడ ఉండబట్టే ఎండాకాలంలోనూ నీళ్లు చల్లగా ఉండి, బ్రూక్ ట్రౌట్ చేపలు బతుకుతున్నాయి. నాకు ఈ చెట్ల మీద ప్రేమ పుట్టింది ఆ వాగుల దగ్గరే.

పని చెప్పుకోవడానికి తేలిక. అందిన కొమ్మనల్లా తిరగేసి, ఆకు మొదలు చూడాలి. హెమ్లాక్ ఆకు అడుగున సహజంగానే రెండు తెల్లటి గీతలుంటాయి, సాలీడు గుడ్ల సంచులూ తెల్లగానే ఉంటాయి. వీటిని వేరు చేసి చూడటం కొన్నాళ్లకి అలవాటవుతుంది. పై కొమ్మలు అందవు కాబట్టి గాలివానకి రాలిన రెమ్మల్ని వదలకూడదు. ఫొటో తీసి, చోటు గుర్తించి, రాష్ట్రమంతటికీ ఉన్న ఐమ్యాప్‌ఇన్వేసివ్స్ పటంలోకి ఎక్కిస్తాం.

కోనసీమలో కొబ్బరి తోట ఉన్న మా బాబాయ్‌కి ఆకు తిరగేసి చూడటం కొత్త కాదు. 2016లో తమిళనాడులో బయటపడ్డ సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల తోటలకూ పాకింది. ఆయనకి అర్థం కానిది ఒక్కటే. "అంత మంచులో తిరిగి ఏమీ కనపడలేదంటావేంటమ్మా? దండగే కదా?"

"కాదు బాబాయ్, కనపడలేదనీ రాస్తాం."

ఆయన తోట ఆయన కళ్లముందే ఉంటుంది. మేం తిరిగే అడిరాండాక్ కొండల అడవి అలా కాదు. ఎవరూ చూడని కొండకీ, చూసి ఏమీ లేదని తేల్చిన కొండకీ పటంలో తేడా తెలియకపోతే, పురుగు ఎంతవరకు వచ్చిందో చెప్పేదెలా? మందు ఒక్కో చెట్టు మొదలుకీ విడిగా కొట్టాలి. డినోటెఫ్యూరాన్ అనే మందు వారాల్లోనే పనిచేస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ నెమ్మదిగా ఎక్కినా ఏళ్లపాటు కాపాడుతుంది. కానీ చెట్టు నీరసించకముందే కొట్టాలి, అదీ ఎక్కడ కొట్టాలో తెలిస్తేనే. ఈ పురుగుని తినే లారికోబియస్ పెంకుపురుగుల్ని వదులుతున్నారు గానీ, అవి అడవిలో నిలదొక్కుకునేసరికి ఏళ్లు పడుతుంది.

అడిరాండాక్‌లోనే లేక్ జార్జ్ అనే సరస్సు ఒడ్డున 2017లో ప్రాస్పెక్ట్ మౌంటెన్ మీద ఈ పురుగు దొరికింది. 2020లో అదే సరస్సు దగ్గర, గ్లెన్ ఐలాండ్ వైపు మళ్లీ బయటపడినప్పుడు కబురు చెప్పింది క్యాంపింగ్‌కి వచ్చిన ఒక వ్యక్తి.

ఆ సరస్సుకి వేసవిలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని వస్తాయో చూస్తూనే ఉన్నాను. మన సంఘాలు రక్తదాన శిబిరాలు పెడతాయి, రోడ్లు శుభ్రం చేస్తాయి. చలికాలంలో ఒక ఆదివారం ఈ పనికీ కేటాయించమని అడుగుతున్నాను. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. కింది కొమ్మల అడుగు వాళ్లకే బాగా కనిపిస్తుంది.