బరువైన న్యూట్రినో

శుక్రవారం. వారమంతా ఖుబ్బూసు తిన్న నోటికి ఆ ఒక్కరోజే తీరిగ్గా పప్పూ అన్నం. మిర్కాబ్‌లోని మా గదిలో తాలింపు ఘుమఘుమలాడుతుంటే విశాఖ నుంచి మా అమ్మాయి ఫోను.

"నాన్నా, నాకు బీటెక్ వద్దు. ఫిజిక్స్ చదువుతాను. అమ్మ ఒప్పుకోవట్లేదు, నువ్వు చెప్పు."

సాయంత్రం చెబుతానన్నాను. ఆ ఫిజిక్స్ నేనూ చదివినవాణ్ణే. ఆంధ్రా యూనివర్సిటీలో అణు భౌతికశాస్త్రం. మా భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద గారు పెంచిన శాఖ అది. హిమాలయాల్లో యోగం చేసిన ఆ సన్యాసి, లివర్‌పూల్లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలను కొలిచే పరికరం మీద పరిశోధన చేశారు. ఆయన పేరున్న ప్రయోగశాలలో నేనూ బీటా కిరణాలు కొలిచాను. తర్వాత రొయ్యల చెరువు పోయింది, నాన్న అప్పు మిగిలింది, నాకు కువైట్ వీసా వచ్చింది. స్టోర్ కీపర్‌గా ఇప్పుడు నేను లెక్కపెట్టేవి పైపులు, బోల్టులు.

"ఏముందన్నా ఆ చదువులో? పాప అంతగా అడుగుతాంది" అన్నాడు పక్క మంచం కడప తమ్ముడు.

చెప్పాను. కేంద్రకంలో న్యూట్రాను ప్రోటానుగా మారితే ఎలక్ట్రానూ, దాంతోపాటు న్యూట్రినో జాతి కణమూ బయటికొస్తాయి. అరుదుగా రెండు న్యూట్రాన్లు ఒకేసారి మారతాయి. దాన్ని 1987లో సెలీనియంలో నేరుగా చూశారు. అంతకన్నా అరుదైనది ఇంకోటి ఉండొచ్చు. ఒక న్యూట్రాను వదిలిన న్యూట్రినోను రెండోది లోపలే పట్టేసుకుంటుంది, బయటికి రెండు ఎలక్ట్రాన్లే వస్తాయి. న్యూట్రినో తనకు తానే ప్రతికణమైతేనే అది జరుగుతుంది. అలా కావచ్చని 1937లో మయొరానా ఊహించాడు.

జపాన్‌లో కమియొకా గనిలో 745 కిలోల జెనాన్ పెట్టి దానికోసం ఏళ్ళ తరబడి కాచుకున్నారు. కనపడలేదు. అలా మారేదే ఉంటే, సగం జెనాన్ మారడానికి కనీసం 38 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని ఏళ్ళు కావాలని 2024లో లెక్క చెప్పారు. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్ళు. మిర్కాబ్ అంటే అరబ్బీలో కనిపెట్టి చూసే చోటని అర్థమట. వాళ్ళు చేసిందీ అదే.

"మరి న్యూట్రినో అంత తేలిగ్గా ఎందుకుందంటే, సీసా అని ఒక సిద్ధాంతం..."

"సీసానా? కువైట్‌లో దొరికితే జైలే గదన్నా!"

గదంతా నవ్వులు. ఆ సీసా కాదయ్యా, పార్కులో పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగే బల్ల అన్నాను. ఒక చివర బరువైన న్యూట్రినో కూర్చుంటుంది, అది ఎంత బరువైతే మనకు తెలిసినది అంత తేలిక. ఆ బరువైనదాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. జెనాన్‌లో జరగాల్సిన ఆ మార్పిడిని అది కూడా నడిపించవచ్చు. కానీ బరువు వల్ల దూరం పోలేదు, రెండు న్యూట్రాన్లు దాదాపు ఆనుకుని ఉండాలి. పని ఎవరు చేసినా బయటికొచ్చే ఎలక్ట్రాన్ల మొత్తం శక్తి ఒక్కటే. తేలికదా, బరువైనదా అని ఆ శక్తిని చూసి చెప్పలేం.

"యాడో కనపడకుండా బరువు మోస్తాంటే ఈడ ఇంకొకరు తేలిగ్గా ఉంటారు. మన గల్ఫోళ్ళ కథే గదన్నా!"

ఈసారి నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం మా ఆవిడే ఫోన్ తీసింది. "అది చదివి మీరేం బావుకున్నారు?"

"బావుకోలేదు. కానీ నేనిక్కడికొచ్చింది ఫిజిక్స్ చదివినందుకు కాదు, అప్పు తీర్చడానికి. దానికి ఆ అప్పు లేదుగా."

"ఫీజులో?"

"ఈ వేసవికి వచ్చేస్తానన్నాను కదా. అకామా ఇంకో రెండేళ్ళు కొట్టించుకుంటాను."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్లికేషన్ నింపమంటాను" అని ఫోన్ అమ్మాయి చేతికిచ్చింది.