స్కానులో కనబడనిది

ఈ సంగతి వ్రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది.

తాండూరు దగ్గరి పల్లెలో మా సంఘపు సహోదరి ఒకామెకు రొమ్ములో ఉసిరికాయంత గడ్డ కనబడింది. సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. భర్త నాపరాళ్ళ గనిలో కూలి. "చంకలకు పాకిందో లేదో పెద్ద స్కానుల తెలుస్తదంట అయ్యగారూ" అని అతడు అడిగితే, మేమే తొందరపడి చందా పోగుచేసి పెట్ స్కాన్ చేయించాము. చంకలో ఏమీ కనబడలేదని రిపోర్టు వచ్చింది. ఆ ఆదివారమే ఆరాధనలో నిలబడి, "చంక శుభ్రముగా ఉన్నది" అని స్తుతి చెల్లించాము.

ఇంక చంకను కోయవద్దని చెప్పడానికి హైదరాబాదు వెళ్లితే, డాక్టరమ్మ మమ్మును కూర్చోబెట్టి వివరించింది. ఆ స్కానులో కొద్దిపాటి అణుధార్మికత గల చక్కెర ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు దానిని ఎక్కువగా పీల్చుకొని వెలుగుతాయి. కాని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క తరచు వెలగదు. పైగా క్షయ వలన బిళ్ళ కట్టినా వెలుగుతుంది. అనంతగిరి క్షయ ఆసుపత్రి ఎరిగిన మా వికారాబాదు వారికి ఇది చెప్పనక్కరలేదు. అందుకే ముందు చంకకు అల్ట్రాసౌండు చేస్తారు, అనుమానముంటే సూదితో తీసి చూస్తారు. అక్కడ ఏమీ దొరకకపోతే ఆపరేషనులో నీలిరంగు మందు ఎక్కించి, అది మొదట చేరిన కాపలా గ్రంథులను మాత్రము తీసి పరీక్షిస్తారు. అన్నీ తీసివేస్తే చెయ్యి వాచే భయము ఎక్కువ. కందికోతకు పోయే మనిషికి అది చిన్న సంగతా?

రెండు సెంటీమీటర్లలోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండులో చంక బాగుంటే కాపలా గ్రంథిని తీయకున్నా అయిదేండ్లలో నష్టము కనబడలేదని 2023లో ఇటలీ మొదలైన దేశాల పరిశోధన తేల్చింది. ఈమె గడ్డ అంతకంటె పెద్దది.

కాపలా గ్రంథిలో ఆవగింజంత క్యాన్సర్ దొరికింది. ఆవగింజ అని ఎన్ని ప్రసంగాలు చేశామో!

"అయ్యగారూ, శుభ్రమని చెప్తిరి గదా?" అని ఆమె అడిగింది. స్కాను అబద్ధమాడలేదు. "కనబడలేదు" అన్నదానిని "లేదు" అని చదివింది మేమే. మరుసటి ఆదివారము అదే చోట నిలబడి ఆ మాట ఒప్పుకొన్నాము.

మూడు వారాలకొకసారి మందు ఎక్కించుకోవడానికి ఆమె తాండూరులో నాంపల్లి బండి ఎక్కుతుంది. వికారాబాదులో మేము కలుస్తాము. సంచి ఎడమచేత పట్టుకొంటుంది. కుడిచెయ్యి ఇంతవరకు వాయలేదు.