నో డిస్‌ప్లే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి కంప్యూటర్ల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్ళు తెచ్చి దింపేవారు. ఆ బిల్డింగులో ఓ ఇరుకు షాపులో నేను సర్వీసు పని నేర్చుకున్నాను. షాపులో కంప్లయింట్లు రాసే పొడుగాటి లెడ్జరు ఉండేది. అందులో ఏ పేజీ తిప్పినా ఎక్కువ వరసల్లో ఒకే మాట: నో డిస్‌ప్లే. ఫోన్లో కస్టమర్లు రకరకాలుగా చెప్పేవాళ్ళు. మానిటర్ పోయిందండీ అని ఒకరు, తెర నల్లబడిందని ఒకరు, కేబుల్ చూసుకోమంటోంది, చూసుకున్నాం, అయినా అదే మాట అంటోందని ఇంకొకరు. మేం రాసుకునేది మాత్రం ఆ రెండు మాటలే.

మా ఉస్తాద్‌కి అప్పటికే యాభై దాటాయి. రేడియోలు, టీవీలు బాగుచేసి బాగుచేసి కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన మాలాంటి కుర్రాళ్ళం తెర వంక చూస్తూ కూర్చుంటే, ఆయన సీపీయూ డబ్బాకి చెవి ఆనించి వినేవారు. “మానిటర్‌కి ఏం తెల్సు మియా? దానికి వస్తే చూపెడ్తది, రాకుంటే రాలేదంటది” అనేవారు. మాట తేలికే గానీ పనిలో సగం అదే. పదిహేను పిన్నుల వీజీఏ కేబుల్లో ఎరుపు, పచ్చ, నీలం రంగులకి వేరే తీగలు, బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సింక్ పల్సులకి వేరే తీగలు. ఆ పల్సులు అందకపోతే మానిటర్ ‘నో సిగ్నల్’ అని ఓ రంగు పెట్టె తేల్చి, కాసేపటికి నిద్రలోకి పోతుంది. రంగు తీగ ఒక్కటి తెగితే తెర మొత్తం నల్లబడదు, పసుపు పచ్చగానో ముదురు గులాబీగానో మారుతుంది. కాబట్టి కేబుల్ చూసుకోమని మానిటర్ చెప్పే సలహా చాలాసార్లు పనికిరానిదే. జనం మాత్రం దాన్ని నమ్మి గంటల కొద్దీ కేబుళ్ళు పీకి పెడుతూ ఉండేవారు.

2006 చివర్లో, చలి బాగా ముదిరిన రోజుల్లో, చిక్కడపల్లి నుంచి ఓ డీటీపీ సెంటరాయన ఫోన్ చేశాడు. రెండు మానిటర్లూ ఒకేసారి పోయాయట. ఉస్తాద్ రిసీవర్ పెట్టేసి నవ్వారు. “రెండూ ఒక్కసారే చస్తయా? ఒక్కటి చస్తే మానిటర్ను అనుమానించు. రెండంటే డబ్బానే.” మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, టార్చి సంచిలో వేసుకుని స్కూటర్ మీద బయల్దేరాం.

ఆ సెంటర్ మేడ మీద ఉంది, కింద బ్యూటీ పార్లర్. లోపల అడుగుపెడితే ఒక మూల ఓ పెద్దాయన, విబూది రేకలతో, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సిద్ధాంతిగారు. రాబోయే సర్వజిత్ నామ సంవత్సర పంచాంగం అక్కడ కంపోజ్ అవుతోంది. పంచాంగం కంపోజింగ్ అంటే కథల పుస్తకం కాదు. తిథులు, నక్షత్రాలు, యోగాలు, కరణాలు, వాటికి ఘడియలు, విఘడియలు, పేజీ నిండా గళ్ళూ అంకెలూను. ఒక అంకె తారుమారైతే ఎవరింటి ముహూర్తమో పక్కకి పోతుంది. అందుకే ఓనరు రెండు తెరలు పెట్టుకున్నాడు. పాత పదిహేడంగుళాల సీఆర్‌టీ మీద పేజ్‌మేకర్, కొత్తగా కొన్న ఎల్‌సీడీ మీద కిందటేటి పట్టిక. రెండూ ఒకే గ్రాఫిక్స్ కార్డుకి తగిలించి ఉన్నాయి.

“వారం నుంచీ పొద్దున్నే మొరాయిస్తోందబ్బాయ్” అన్నాడు ఓనరు. “మూడు నాలుగుసార్లు స్విచ్చి నొక్కితే వచ్చేది. ఇవాళ మధ్యాహ్నమైనా రాలేదు. మా వాడు ఫార్మాట్ కొట్టిద్దామంటున్నాడు.”

ఆ రోజుల్లో అన్ని రోగాలకీ ఫార్మాటే మందు. వైరస్సుకి ఫార్మాట్, ప్రింటర్ ఆగితే ఫార్మాట్. విండోస్ వరకూ వెళ్ళని మిషన్‌కి ఫార్మాట్ ఎలా కొడతారో ఆ అబ్బాయినే అడగాలి.

ఉస్తాద్ ముందు చేసింది మానిటర్లని పక్కకి తప్పించడం. రెండు కేబుళ్ళూ డబ్బా నుంచి ఊడదీసి మానిటర్లు మాత్రం వేశారు. రెండూ కేబుల్ లేదని శుభ్రంగా చెప్పాయి, అంటే బతికే ఉన్నాయి. తర్వాత డబ్బా స్విచ్చి నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి, ముందు పచ్చ లైటు వెలిగింది. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కమన్నారు నన్ను. లైటు మారలేదు. మిషన్ లోపల నడుస్తూ తెర మాత్రమే పోయి ఉంటే ఆ లైటు వెలిగి ఆరాలి. మారలేదంటే మిషన్ తొలి పరీక్షలే దాటలేదు.

డబ్బా విప్పితే దుమ్ము చాపలా పరుచుకుని ఉంది. బీప్ వినడానికి ఆ క్యాబినెట్లో స్పీకరే లేదు. ఉస్తాద్ జేబులో ఎప్పుడూ రెండు తీగల బజర్ ఒకటి ఉండేది, దాన్ని బోర్డుకి తగిలించారు. గ్రాఫిక్స్ కార్డు పీకి, సీఆర్‌టీ కేబుల్ని బోర్డుకున్న సొంత వీజీఏలో పెట్టారు. మార్పు లేదు. ర్యామ్ తీసి, బంగారు పూత పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి ఊది మళ్ళీ నొక్కారు. నో డిస్‌ప్లే కేసుల్లో చాలావాటికి ఇక్కడే తెరపడుతుంది, రబ్బరు ముక్కతో సంపాదించిన విజిటింగ్ చార్జీలు మా షాపు అద్దె కట్టేవి. ఇక్కడ అదీ పనిచెయ్యలేదు. అప్పుడాయన ర్యామ్ మొత్తం తీసేసి ఖాళీ స్లాట్లతో స్విచ్చి వేశారు. ర్యామ్ లేకపోతే బోర్డు ఆగి ఆగి పొడుగ్గా కూయాలి. కూస్తే ప్రాసెసర్ ప్రాణంతో ఉన్నట్టే. బజర్ ఉలకలేదు.

“ఇగ రెండే” అన్నారు. “కరెంటిచ్చేది, కరెంటు మలిపేది.”

కరెంటిచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ చూడ్డం పది నిమిషాల పని. పసుపు తీగ పన్నెండు వోల్టులు, ఎరుపు ఐదు, నారింజ మూడు పాయింట్ మూడు, అన్నీ సరిగ్గానే చూపించింది మీటరు. బూడిదరంగు తీగ మీద ముల్లు పెట్టి నన్ను చదవమన్నారు. ఐదుకి దగ్గర. అది పవర్ గుడ్. ఆ తీగ ఐదు చూపించేదాకా బోర్డు ప్రాసెసర్‌ని నిద్ర లేవనివ్వదు. ఫ్యాన్లు గిరగిరా తిరుగుతూ తెర నల్లగా ఉండే మిషన్లలో కొన్నింటికి రోగం ఆ ఒక్క తీగే. దీనికి కాదు.

ఇక మిగిలింది కరెంటు మలిపేది. అప్పుడు టార్చి వేశారు. ప్రాసెసర్ పక్కన వరసగా నిలబెట్టిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. మంచివాటి నెత్తి చదునుగా ఉంటుంది, మధ్యలో గీతలు కొట్టి ఉంటాయి. ఇక్కడ ఐదింటి నెత్తి ఉబ్బింది, ఒకదాని గీత చీలి గోధుమరంగు పొక్కు కట్టింది. వేలితో నిమరమన్నారు. కళ్ళకి సరిగా ఆనని ఉబ్బు కూడా వేలికి తెలిసిపోతుంది.

ఆ కాలం బోర్డులకి అదో తెగులు. 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతా పాకింది. లోపలి ద్రవంలో తుప్పుని ఆపాల్సిన రసాయనాలు సరిగ్గా పడక, హైడ్రోజన్ వాయువు పుట్టి కెపాసిటర్లు ఉబ్బి చచ్చేవి. ఎవరో ఫార్ములా సగం కొట్టేసి అమ్మారనే కథ మార్కెట్లో తిరిగేది. నిజమెంతో గానీ, సీటీసీ మెట్ల కింద పడేసిన బోర్డుల గుట్టలు మాత్రం నిజం.

ఓనరుకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంత డబ్బా, రెండు తెరలు, వీటికి అడ్డుపడింది ఆ చిన్న గొట్టాలా? ఉస్తాద్ వాదించలేదు. నన్ను కిందకి పంపి పార్లర్ నుంచి హెయిర్ డ్రయ్యర్ అడిగి తెమ్మన్నారు. నేను వెళ్ళి అడిగితే ఆ అమ్మాయి ఎగాదిగా చూసింది. కంప్యూటర్‌కి అన్నాను. ఇంకా అనుమానంగా చూసింది. ఎలాగో ఇచ్చింది.

ర్యామ్, కార్డు మళ్ళీ బిగించి, డ్రయ్యర్‌ని ఆ ఐదు కెపాసిటర్ల మీదకి తిప్పారు, దగ్గర పెట్టకుండా, చెయ్యి ఊపుతూ. ఎండిపోతున్న కెపాసిటర్ చల్లగా ఉంటే కరెంటుని మరీ అడ్డుకుంటుంది, వేడెక్కితే కాస్త దారిస్తుంది. వారంగా పొద్దున్నే మొరాయించడానికీ, నాలుగుసార్లు నొక్కాక కదలడానికీ కారణం అదే, చలి. స్విచ్చి నొక్కారు. బజర్ ఒక్కసారి పొట్టిగా కూసింది. సీఆర్‌టీ చిటపటమని వెలిగింది. దాని వెనకే ఎల్‌సీడీ. సిద్ధాంతిగారు కాగితాలు వదిలేసి లేచి నిలబడ్డారు.

“ఇట్లనే రోజూ డ్రయ్యర్ పెడ్తరా సార్?” అన్నారు ఉస్తాద్.

పంచాంగం ఆగకుండా ముందు హార్డ్ డిస్క్ తీసి పక్క మిషన్‌కి తగిలించాం. నేను స్కూటర్ మీద కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. 3300 మైక్రోఫారడ్‌లు అడిగితే దుకాణంవాడు 85 డిగ్రీల మామూలువి తీసి పెట్టాడు. అవి వద్దు, 105 డిగ్రీలవి, లోపలి అడ్డు, అంటే ఈఎస్‌ఆర్, తక్కువుండే రకమే కావాలని ఉస్తాద్ ముందే చీటీ రాసిచ్చారు. మామూలువి వేసినా బోర్డు లేస్తుంది, నాలుగు నెలల్లో మళ్ళీ పడుకుంటుంది. అలా అమ్ముకునేవాళ్ళు, అలా వేసి పంపేవాళ్ళు ఉండేవారు.

బిగించడం చూడ్డానికి తేలిక. మదర్‌బోర్డు లోపల రాగి పొరలు పొరలుగా ఉండి ఐరన్ వేడంతా తాగేస్తుంది. పాతిక వాట్ల ఐరన్‌తో అయితే పాత సీసం కరగదు, రంధ్రం ఊడొస్తుంది. ఉస్తాద్ అరవై వాట్లది పెట్టి, ముందు కొత్త సీసం కాస్త అంటించి, ఒక్కో కాలూ కరిగిస్తూ కెపాసిటర్‌ని అటూ ఇటూ ఊపి లాగేవారు. రంధ్రంలో మిగిలింది సూదితో పొడిచి తీసేవారు. పీకేముందే ప్రతిదాని నెగెటివ్ వైపూ బోర్డు మీద మార్కర్‌తో చుక్క పెట్టారు. బోర్డు మీద తెల్లగా అచ్చేసిన సగం అన్ని కంపెనీల్లోనూ ఒకే అర్థం కాదు, ఉల్టా పడితే టపాకాయే.

ఆ పని ఇప్పుడు పెద్దగా ఎవరూ చెయ్యరు. బోర్డుల మీద ఘన కెపాసిటర్లొచ్చాయి, ఉబ్బవు. నో డిస్‌ప్లే మాత్రం పోలేదు, మకాం మార్చింది. కొండాపూర్‌లో ఉండే మా మేనల్లుడు కొత్త మిషన్ కట్టించుకుని, “మామా, రెండు మానిటర్లకీ సిగ్నల్ లేదు” అని రాత్రి పదకొండింటికి ఫోన్. వీడియో పెట్టమంటే కనిపించింది. హెచ్‌డీఎమ్‌ఐ కేబుళ్ళు రెండూ మదర్‌బోర్డు వెనక దూర్చాడు, గ్రాఫిక్స్ కార్డు కింద ఖాళీగా కూర్చుంది. ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్. అంటే దానిలో బొమ్మ వేసే భాగమే లేదు. కేబుళ్ళు కిందకి మార్పించాను. ఇంకా నల్లగానే ఉందంటాడు. అది డీడీఆర్5 ర్యామ్, మొదటిసారి వేసినప్పుడు బోర్డు దానితో కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఆపకు, టీ తాగు అన్నాను. వాడు రెండుసార్లు ఆపేశాడట అప్పటికే. మా రోజుల్లో బీప్ ఉండేది, ఇప్పుడు చవక బోర్డుల్లో అదీ లేదు. నాలుగు చిన్న లైట్లుంటాయి కొన్నింటికి, ఏది వెలిగి ఆగిపోయిందో చూసుకోవాలి. చెవితో చేసే పని కంటితో చేయడం నాకిప్పటికీ నచ్చదు.

ఆ రోజు చిక్కడపల్లి మిషన్ చీకటిపడే వేళకి లేచింది. డ్రయ్యర్ లేకుండా. బిల్లు దగ్గర ఓనరు మళ్ళీ మొదటికొచ్చాడు.

“ఐదు గొట్టాలకి నాలుగొందలా? కొత్త బోర్డే వస్తుందిగా, ఇంకో రెండు వేలు వేస్తే.”

“వెయ్యండి సార్. విండోస్, ఫాంట్లు, ప్రింటర్, అన్నీ మళ్ళ ఎక్కించుకోండి. సిద్ధాంతిగారు ఉగాదికి ఆగుతరా?”

సిద్ధాంతిగారు ఆగనన్నారు. మూడొందల యాభైకి తెగింది. మెట్లు దిగుతుంటే పార్లర్ అమ్మాయి ఎదురొచ్చి డ్రయ్యర్ లాక్కుని, ఆన్ చేసి చూసుకుని మరీ లోపలికి వెళ్ళింది.

షాపుకి చేరేసరికి లెడ్జర్లో ఇంకో వరస రాసి ఉంది: నారాయణగూడ, ఓ ట్యూషన్ సెంటర్, నో డిస్‌ప్లే. తాళాలు వేసేస్తారేమోనని సంచి దించకుండానే మళ్ళీ బయల్దేరాం. అక్కడ ఊడ్చే అమ్మాయి తుడుస్తూ మానిటర్ బటన్ నొక్కేసింది. ఉస్తాద్ దాన్ని మళ్ళీ నొక్కి, బొమ్మ వచ్చాక, నూటయాభై విజిటింగ్ చార్జీకి రసీదు రాసిచ్చారు.