పెరట్లో బొమ్మల కొలువు

బొమ్మల ఎగ్జిబిషన్ అనగానే ఏసీ హాలు, తెల్లటి గోడలు, రిబ్బను కత్తిరించే ముఖ్య అతిథి... ఇవే గుర్తొస్తాయి. నిజానికి గోదావరి జిల్లాల ఇల్లాళ్లకు ఎగ్జిబిషన్ పెట్టడం కొత్తేమీ కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి, తెల్లదుప్పటి పరిచి, బొమ్మల్ని వరసగా పేర్చి, ఇరుగుపొరుగును పేరంటానికి పిలిచే బొమ్మల కొలువు అదే కదా!

ఆ కొలువును ఓసారి నట్టింట్లోంచి పెరట్లోకి తెస్తే ఎలా ఉంటుంది? పిల్లలు గీసిన పూలూ పిట్టలూ, అమ్మమ్మ అల్లిన లేసులోని ఆకులూ తీగలూ, నాన్న లంక గ్రామాల్లో తీసిన ఫొటోలూ... అన్నీ చెట్ల నీడన కొలువుదీరితే? ఆలోచన నచ్చిందా? అయితే ముందుగా రాజమండ్రి వెళ్లిరండి. పని మొదలుపెట్టే ముందు చూడాల్సినవి అక్కడ రెండున్నాయి. ఒకటి బొమ్మలున్న ఇల్లు. రెండోది మొక్కలున్న ఊరు.

గోదారే గురువు

మొదటిది దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. అప్పట్లో ఇక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. కుర్రాడి చేతిలోని విద్యను కనిపెట్టి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివేలా ప్రోత్సహించారు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే.

చదువయ్యాక రామారావు మళ్లీ సొంతూరికే వచ్చేశారు. తోటివారిని కూడగట్టి చిత్రకళ నేర్పారు. పురాణకథలతో పాటు మన కొండలూ, మన నదీ, మన పల్లె ఆడవాళ్లూ ఆయన కుంచెకు వస్తువులయ్యారు. తూర్పు కనుమల మధ్య ఒదిగి పారే గోదారిని ఆయన రంగుల్లో చూస్తే, పాపికొండల మీదుగా వెళ్లే లాంచీలో కూర్చున్నట్టే ఉంటుంది. తోటలో ఎగ్జిబిషన్ పెట్టేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. బొమ్మ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రోజూ చూస్తున్నదాన్నే ఇంకాస్త సేపు చూడాలి.

మీ ఇంట్లోనూ అలాగే మొదలుపెట్టండి. ప్రదర్శనకు నెల ముందు పిల్లల చేతికో చిన్న పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. అరటిపువ్వు రేకు విచ్చుకోవడం, గుమ్మడి తీగ దడిని అల్లుకోవడం, కాలవగట్టున కొంగ ఒంటికాలి మీద నిలబడటం... చూసింది చూసినట్టు గీయమనండి. ప్రింటు తీసిన బొమ్మ చూసి దించొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

కుండీలే కుంచెలు

రెండో మజిలీ కడియం. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దాటగానే రోడ్డుకు రెండువైపులా రంగులు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, కడియం... ఊరు మారినా నర్సరీలు మాత్రం ఆగవు. పక్కనే ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక కాలవల నీళ్లు, గోదారమ్మ తెచ్చిపోసిన ఒండ్రు కలిసి ఈ నేలకు ఇంత జీవం పోశాయి. కడియపులంక పూలమార్కెట్‌కు పొద్దున్నే వెళ్తే బంతి, చామంతి, లిల్లీ రాశులు కళ్లు చెదరగొడతాయి.

కొత్త సంవత్సరం వచ్చిందంటే మొక్కల కుండీలను పేర్చి నేలమీద అక్షరాలూ ఆకారాలూ తీర్చడం ఇక్కడి నర్సరీల్లో ఆనవాయితీ. కత్తిరించి, కట్టి, ఏనుగులుగా, నెమళ్లుగా పెంచిన పొదలు సరేసరి. గమనించాల్సింది వాళ్లు రంగుల్ని వాడే తీరు. ఎర్రాకుల మొక్కల పక్కన లేతపచ్చ, మధ్యలో ఖాళీ నేల... కంటికి ఎక్కడ విశ్రాంతి ఇవ్వాలో వాళ్లకు తెలుసు. మీ పెరట్లోనూ రెండు బొమ్మల మధ్య ఒక కుండీ ఉంచండి. నాలుగు నందివర్ధనాలు, నాలుగు చామంతులు కొన్నా చాలు. ఎగ్జిబిషన్ అయ్యాకా అవి మీ తోటలోనే ఉంటాయి.

ఎండా మంచూ చూసుకుని...

ముహూర్తం మాటేమిటంటారా? డెల్టాలో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. ఆ తర్వాత తుపాన్ల భయం. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు, అంటే జనవరి చివర, ఫిబ్రవరి నెలల్లో అయితే హాయి. ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 4 నుంచి చీకటిపడే దాకా తెరిచి ఉంచితే చాలు. నడినెత్తిన ఎండలో నీటిరంగులు వెలిసిపోతాయి. పిల్లలు పసుపుతో రంగు వేసి ఉంటే అది ఇంకా తొందరగా పాలిపోతుంది. రాత్రి మంచు కురుస్తుంది కాబట్టి, పొద్దుగూకగానే బొమ్మలన్నీ ఇంట్లోకి చేరాలి.

చెట్టును ఎంచుకోవడంలోనూ కిటుకుంది. కొబ్బరిచెట్టు కింద ఏదీ పెట్టొద్దు. కాయ పడినా, మట్ట పడినా ప్రమాదమే. పూతమీదున్న మామిడీ వద్దు. తేనెమంచు పురుగు పట్టిందంటే కింద ఉన్న కాగితమంతా జిగురే. సపోటా, పనస నీడ శ్రేష్ఠం. చెట్టుకు మేకులు కొట్టకండి. రెండు చెట్ల మధ్య కొబ్బరితాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించండి. బొమ్మ వెనక అట్ట పెట్టి, కింది అంచులు కూడా బిగిస్తే కాలవ మీది గాలికి రెపరెపలాడదు. తాటాకు తడికలు దొరికితే అంతకన్నా మంచి గోడ లేదు. మొక్కలకు నీళ్లు ముందురోజే పోసేయండి. ఆరోజు పోస్తే బురదలో నడవాలి.

పిల్లల బొమ్మలు పిల్లల కళ్ల ఎత్తులోనే ఉండాలి. సాధ్యమైతే మందారం బొమ్మను మందారం పక్కనే పెట్టండి. వచ్చినవాళ్లు బొమ్మ చూసి చెట్టు వైపు తిరుగుతారు. చెట్టు చూసి మళ్లీ బొమ్మ దగ్గరకొస్తారు. పెరట్లో ఎగ్జిబిషన్ పెట్టినందుకు దక్కే లాభం అదే. ఏ హాల్లోనూ ఇది కుదరదు.

దాచినవారి పుణ్యం

అంతా అయ్యాక ఒక పని మిగులుతుంది. చాలా ఇళ్లలో మరిచిపోయేది దాన్నే. బొమ్మల్ని దాచడం.

1925 ఫిబ్రవరిలో మశూచి దామెర్ల రామారావును తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. అంతకు మూడేళ్ల ముందే, 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ఋష్యశృంగుడి చిత్రం బహుమతి గెలుచుకుంది. కీర్తి అప్పుడప్పుడే గుమ్మం ఎక్కుతోంది. అంతలో ఇల్లే చీకటైంది. ఆ దుఃఖంలో బొమ్మలు చెల్లాచెదురైపోయి ఉంటే ఎవరినీ తప్పుపట్టలేం. కానీ భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం వాటిని కాపాడుకున్నారు. ముగ్గురూ కుంచె పట్టినవాళ్లే. వందేళ్లు దాటినా ఈరోజు గ్యాలరీలో మనం ఆ గోదారిని చూడగలుగుతున్నామంటే అదంతా వాళ్ల చలవే.

అందుకే ప్రతి బొమ్మ వెనకా గీసినవారి పేరు, తేదీ, ఏ చెట్టు చూసి గీశారో పెన్సిలుతో రాయండి. చుట్టచుట్టకుండా మధ్యలో పల్చటి కాగితాలు వేసి, పరిచినట్టుగా పెట్టెలో పెట్టండి. అటక మీద కాకుండా చెద, చెమ్మ చేరని అలమరలో ఉంచండి. పెరట్లో చెట్టు పెద్దదవుతుంది, ఒక్కోసారి కొట్టేయాల్సీ వస్తుంది. అది మొక్కగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో రేపు మీ మనవలకు చెప్పేది ఆ కాగితమే.