ఫిర్యాదు రాని బ్యారక్

పట్టాళం నుంచి వచ్చినవాడికి జైల్లో పని కొత్తగా అనిపించదంటారు. పైపైన చూస్తే నిజమే. తెల్లారకముందే విజిల్, సాయంత్రం తలల లెక్క (గిన్తీ), గేటు దగ్గర రిజిస్టరు, అడక్కుండా అడుగు కదలకపోవడం, అన్నీ అలవాటైనవే. సైన్యపు ఇంజినీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో పైపులు, కరెంటు పనులు చేసి వచ్చిన నన్ను జైలు మెయింటెనెన్సులో చేరిన రోజు నుంచీ వార్డర్లూ ఖైదీలూ ‘ఫౌజీ’ అనే పిలిచారు. అయినా ఆ రెండు చోట్లకీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. నాకు ఈ రెండో ఉద్యోగం నేర్పింది ఆ తేడానే.

మాది ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి పక్కనున్న జాముల్. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైంది. ఆ తర్వాత పని వెతుక్కుంటూ ఇటు వచ్చిన శ్రీకాకుళం కుటుంబాల్లో మాదీ ఒకటి. నాన్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. “చెడిపోయాక వచ్చేవాడు మెకానిక్కురా, చెడకముందే వచ్చేవాడు మెయింటెనెన్సు మనిషి” అని నాన్న అనేవాడు. సైన్యంలో ఆ మాట బాగానే పనికొచ్చింది. దాని లోతు మాత్రం జైల్లోనే తెలిసింది.

లద్దాఖ్‌లో చలికాలం రాత్రి పైపులో నీళ్ళు నిలిస్తే గడ్డకట్టి పైపు పగిలిపోతుంది. అందుకని చీకటి పడేలోపు లైను ఖాళీ చేసేవాళ్ళం. ఎక్కడైనా వాల్వు సరిగా పనిచేయకపోతే తెల్లారేసరికి కబురు మా దాకా వచ్చేది. జవాను తన సెక్షన్ కమాండరుకి చెప్తాడు, ఆయన పైకి చెప్తాడు. అప్పటికీ పని కాకపోతే అందరూ కలిసే సైనిక్ సమ్మేళన్‌లో కమాండింగ్ ఆఫీసరు ఎదుటే లేచి నిలబడి చెప్పొచ్చు. నీళ్ళు రావడం లేదని చెప్పినందుకు అక్కడ ఎవరికీ ఏమీ కాదు. ఫిర్యాదు రాలేదంటే లైను బాగుందని మేం ధైర్యంగా నిద్రపోయేవాళ్ళం.

జైల్లో నాకిచ్చిన ఫిర్యాదుల పుస్తకంలో ఒక బ్యారక్ పేరు నెలల తరబడి కనిపించలేదు. ట్యూబులైటు మార్చడానికి ఒకరోజు లోపలికి వెళ్ళాను. మరుగుదొడ్లలో సగం పూడిపోయి ఉన్నాయి. ఒక కుళాయికి మర లేదు, గుడ్డపీలిక చుట్టి కట్టారు. మిగిలిన దొడ్ల ముందు బకెట్లు పట్టుకుని బారులు తీరి నిలబడ్డారు. మరి చెప్పలేదేమని ఒక పెద్దాయన్ని అడిగాను. “ఎవరికి చెప్పమంటావు ఫౌజీ భయ్యా? చెప్తే పైపు సంగతి ఎవరికీ గుర్తుండదు, చెప్పినోడి పేరు గుర్తుండిపోద్ది” అన్నాడు. ఆయనకింకా శిక్ష పడలేదు. విచారణ ఖైదీ.

ఆ మాట నా పని తీరునే మార్చేసింది. తిండి, నీళ్ళు, ములాకాత్, మందులు, ప్రతిదానికీ అవతలివాడి దయ మీద ఆధారపడినవాడు నోరు విప్పేముందు లెక్క వేసుకుంటాడు. కుళాయి కోసం ఆ దయను పోగొట్టుకోడు. కాబట్టి జైల్లో మౌనానికి అర్థం అంతా సవ్యంగా ఉందని కాదు. మెయింటెనెన్సు మనిషే కాళ్ళు అరిగేలా తిరగాలి. ప్రతి బ్యారక్‌లో ప్రతి కుళాయీ తన చేత్తో తిప్పి చూడాలి.

ఇందులో జాలి కన్నా ముందు లెక్క ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో జైలు గణాంకాల ప్రకారం 2022 చివర్లో మన జైళ్ళలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉండేవారు. వందమందికి కట్టిన చోట 131 మంది. వాళ్ళలో నాలుగింట మూడొంతుల పైచిలుకు నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. ప్లంబరు కళ్ళతో చూస్తే దీని అర్థం తేలికగా తెలుస్తుంది. పొద్దున తాళాలు తీయగానే అందరూ ఒక్కసారే నీళ్ళ మీద పడతారు. పైపు సైజూ, ట్యాంకు ఎత్తూ ఆ తాకిడికి వేసినవి కావు, చివరి కుళాయికి ధార అందదు. సెప్టిక్ ట్యాంకు అనుకున్న గడువుకు ముందే నిండుతుంది.

ఆ ట్యాంకు దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. జైలు గోడ లోపల కూడా అదే చట్టం. అసలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఊడ్చే పని, కడిగే పని ఫలానా కులాలకని రాసి ఉండేది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఏడేళ్ళకు! మా దగ్గర ట్యాంకు తోడాలంటే మెషిన్ బండి రావాల్సిందే. బండి ఆలస్యమైనా సరే, ఆగుతాను.

లోపల పని నెమ్మదిగా సాగుతుంది. సైన్యంలో కోత్ (ఆయుధాల గది) నుంచి తీసిన రైఫిళ్ళను లెక్కపెట్టినట్టే ఇక్కడ రెంచీలు, స్క్రూడ్రైవర్లు, హ్యాక్సా బ్లేడు ముక్కలతో సహా లెక్కపెట్టి తీసుకెళ్ళి, లెక్కపెట్టి తేవాలి. నిచ్చెనను గోడ పక్కన వదిలి మంచినీళ్ళకు కూడా వెళ్ళకూడదు. ఈ జాగ్రత్త నాకు కొత్త కాదు కాబట్టి విసుగు లేదు. చేతిపని తెలిసి, క్రమశిక్షణ ఒంటబట్టిన మాజీ సైనికుడికి ఇంతకన్నా తగిన చోటు లేదని నా నమ్మకం.

కరెంటు సంగతీ చిన్నది కాదు. ఇప్పుడు చాలామంది ఖైదీలు వీడియో ద్వారానే మేజిస్ట్రేటు ముందు హాజరవుతున్నారు. ఆ గదిలో లైను పోతే ఒక మనిషి వాయిదా పోవచ్చు, బెయిలు మాట ఇంకొన్ని రోజులు వెనక్కి జరగవచ్చు. అందుకే జనరేటరు పరీక్ష చేసేటప్పుడు ముందుగా ఆ గది లైనే చూస్తాను, ఆఫీసు ఏసీ తర్వాత.

2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన మండేలా నియమాలు, ఖైదీకి అవసరమైనప్పుడు శుభ్రంగా, మర్యాదగా వాడుకునే మరుగుదొడ్డి ఉండాలంటాయి. న్యూయార్కులో ఆమోదం పొందిన ఆ మాట బ్యారక్ దాకా రావాలంటే రెంచీ పట్టినవాడే మోసుకురావాలి.

జైళ్ళ శాఖల అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్రతి పెద్ద జైలుకూ పర్మనెంటు ప్లంబర్ని, ఎలక్ట్రీషియన్ని పెట్టండి. ఫిర్యాదుల పుస్తకంతో పాటు, వారానికోసారి ప్రతి బ్యారక్ తిరిగి చూసినట్టు సంతకం పెట్టే పుస్తకం కూడా పెట్టండి. పట్టాళం నుంచి ఇంటికొస్తున్న తమ్ముళ్ళకూ ఒక మాట. సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకునేటప్పుడు ‘సెక్యూరిటీ గార్డు’ అని రాయించి ఊరుకోకండి. మీ ట్రేడు పేరు రాయించండి, జైళ్ళలో ఖాళీలున్నాయేమో అడగండి.