మంచు మీద పెట్టిన నేరం

సంక్రాంతి దాటాక జి. కొండూరు చుట్టుపక్కల ఏ మామిడి తోటలో అడుగుపెట్టినా మాట పూత మీదికే మళ్ళుతుంది. "ఎలా ఉంది బాబాయ్ పూత?" అంటే చాలు. "ఇంకెక్కడి పూతరా అబ్బాయ్, తేనెమంచు కొట్టేసింది" అంటాడు.

ఆ మంచు ఆకాశం నుంచి పడేది కాదు. కొమ్మ వంచి చూడండి. పూగుత్తి కాడ పొడవునా బూడిదరంగు చిన్న పురుగులుంటాయి, తల వెడల్పు, తోక సన్నం. వేలు తగిలితే చిటపటమంటూ లేస్తాయి. కింది ఆకులు నూనె రాసినట్టు మెరుస్తాయి, ముట్టుకుంటే జిగట. పూకాడల రసం పీల్చి పురుగు విసర్జించిన తీపి అది. కొన్నాళ్ళకు దాని మీద నల్లటి మసి పట్టుకుంటుంది. అదొక బూజు. తోటకి తెల్లారి వచ్చిన రైతుకి కనిపించింది మాత్రం ఆకు మీద తడి. రాత్రికి రాత్రి పడింది కాబట్టి మంచు, తియ్యగా ఉంది కాబట్టి తేనె. వ్యవసాయ పుస్తకాలు కూడా దాన్ని తేనెమంచు పురుగు అనే రాస్తాయి. తప్పు అలా బడికెక్కి కూర్చుంది.

ఇది పల్లెటూరి అమాయకత్వం అనుకోవద్దు. 1వ శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ, తేనె ఆకాశం చెమటో నక్షత్రాల ఉమ్మో అయ్యుంటుందని రాశాడు. ఆయన రాస్తే ప్రాచీన విజ్ఞానం, బాబాయ్ అంటే మూఢనమ్మకం!

నా పేచీ అక్కడే. అపోహ, భ్రమ, చాదస్తం, మూఢనమ్మకం... తప్పుడు నమ్మకాలకి మన దగ్గర పేర్లకేం కొదవ లేదు. కాకపోతే పేరు పెట్టేముందు నమ్మకాన్ని చూడం, నమ్మినవాణ్ణి చూస్తాం. ముసలమ్మది చాదస్తం, కూలివాడిది మూఢనమ్మకం, ఉద్యోగస్తుడిది అపోహ. మనదైతే సెంటిమెంటు.

పనిగట్టుకుని తేల్చేసిన నమ్మకాలూ ఉన్నాయి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడకి తెచ్చిన గోరా వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. గ్రహణం పూట గర్భిణి కదిలితే బిడ్డకి కీడన్న మాటని ఆయన భార్య సరస్వతీ గోరా ఖాతరు చెయ్యలేదు. కడుపుతో ఉండి గ్రహణంలోనే తిరిగారు. చేసి చూపించారు, వాదన అయిపోయింది.

మామిడి తోటలో వ్యవహారం అంత తేలిగ్గా తెగదు. మామిళ్ళకు మంచు చెరుపు అన్న సామెతే తీసుకోండి. మంచు పట్టిన రోజుల్లో పూతకి బూడిద తెగులు లేస్తుంది, చెమ్మకీ నీడకీ పురుగూ బలుస్తుంది. పూత పోవడం నిజమే, ఆ రోజుల్లో పోవడమూ నిజమే. నేరం ఎవరి మీద మోపాలన్న దగ్గర మాత్రం కొంచెం గురి తప్పింది. అంత జాగ్రత్తగా చూసినవాణ్ణి మూఢుడనడానికి నాకు నోరు రాదు. ఫిలిప్పీన్స్‌లో మామిడి చెట్ల కింద పొగ పెడితే పూత వస్తుందని రైతులు నమ్మేవారు. వినడానికి క్షుద్రపూజలా ఉంటుంది గానీ, పొగలో ఇథిలీన్ ఉంటుంది. ఆ పొగ బాధ లేకుండా పొటాషియం నైట్రేట్ పిచికారీతో పూత తెప్పించవచ్చని 1970ల్లో రామన్ బార్బా అనే శాస్త్రవేత్త చూపించాడు. అంటే రైతు చెప్పిందాన్ని శాస్త్రం కొట్టిపారెయ్యలేదు, దానికి సులువైన దారి వెతికింది.

పట్నం నమ్మకాల జోలికి మాత్రం ఎవరూ పోరు. బంగినపల్లి పసుపుపచ్చగా నిగనిగలాడితే "మందు కాయ" అని పక్కకు నెట్టేస్తారు, చెట్టున పండిందే కావాలంటారు. కార్బైడ్ చెడ్డదే, 2011 ఆహార భద్రత నిబంధనల్లో దానికి నిషేధం కూడా ఉంది. కానీ ముదిరిన కాయ కోసి గడ్డిలో మాగబెట్టడం తాతలనాటి పద్ధతి. చెట్టునే పండనిస్తే పండు ఈగ పాలు. ఇప్పుడు గదుల్లో పెట్టే ఇథిలీన్ కూడా కాయ తనంతట తాను పుట్టించుకునేదే.

అలా ఏరి కొన్న పండ్లనే ఇంటికి తెచ్చి నీళ్ళ బకెట్లో వేస్తారు, వేడి తగ్గాలని. వేడి సంగతేమో గానీ, తొడిమ దగ్గరి సొన కడుక్కుపోతుంది. పెదాలు పొక్కేది దానివల్లే. ఇక్కడా సగం ఒప్పు, సగం తప్పు. ఇది మూఢనమ్మకం కదా అని ఆ ఇంటాయన్ని అడిగి చూడండి.

"అబ్బే, పెద్దలు ఊరికే చెప్పారాండీ? ఇందులో సైన్సుంది!"