రోజుకి ఒక్కటే!

“రోజుకి ఒక్కటే చూద్దామ్మా. రెండోది వద్దు.”

ఇటలీ వెళ్దామనగానే నాన్న పెట్టిన షరతు అది. నాకు నవ్వొచ్చింది. ‘ఏడు రోజుల్లో తొమ్మిది నగరాలు’ లాంటి వ్యాసాలు బోలెడు రాసిన చెయ్యి మరి నాది! అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి రోజుకి ఒక్కటేనా? పైగా నాన్నకి నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అనేది దాన్నే. పక్కచూపు చాలావరకూ పోయింది. పోయింది మళ్లీ రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవడమే మార్గమనీ చెప్పేశారు. ఆ ఉన్న చూపుతో వీలైనన్ని చూపించెయ్యాలని నా ఆత్రం.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ముప్ఫై ఏళ్లకి పైగా ఏటా ‘సాంస్కృతిక పునరుజ్జీవనం’ పాఠం చెప్పారు. ఫ్లోరెన్స్ అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసేవారట. పాస్‌పోర్టు చేయించుకున్నది మాత్రం రిటైరైన పదకొండేళ్లకి.

పోయిన అక్టోబరులో బయల్దేరాం. ఫ్లోరెన్స్‌లో అయిదు రోజులు, సియెనాలో రెండు, లుక్కాలో రెండు.

మొదటిరోజు ఫ్లోరెన్స్ పెద్ద చర్చి. దాని గుమ్మటం గురించి నాన్న దారంతా చెబుతూనే ఉన్నారు. 1296లో చర్చి మొదలుపెట్టారు. గోడలు లేచాయిగానీ, అంత వెడల్పు మీద కప్పు ఎలా వెయ్యాలో తెలియక పైన ఖాళీగా వదిలేశారు. చివరికి బ్రూనెలెస్కీ అనే ఆయన నేలమీంచి కర్ర చట్రం నిలబెట్టకుండానే కడతానన్నాడు. 1420లో మొదలుపెట్టి 1436కల్లా పూర్తిచేశాడు. ఒకదాని లోపల ఒకటిగా రెండు గుమ్మటాలు. ఇటుకలు జారిపోకుండా చేపముల్లు వరసలో పేర్చాడు.

పైకెళ్లడానికి 463 మెట్లు. లిఫ్టు లేదు. “నువ్వెక్కిరా తల్లీ, నేనిక్కడ కూర్చుంటా” అని చర్చి గోడవారనున్న రాతి అరుగు మీద కూర్చున్నారు. గంటలో వచ్చేశా. అరుగు మీద నాన్న లేరు!

ఆ పావుగంట గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. పక్కనుంచి సైకిల్ వస్తే కనిపించదు. భాష రాదు. ఫోన్ నా బ్యాగులోనే ఉంది. చర్చి చుట్టూ రెండుసార్లు పరిగెత్తాను. తీరా చూస్తే ఎదురుగా, బ్రూనెలెస్కీ విగ్రహం కింద నిలబడి గొడుగులమ్మే బంగ్లాదేశ్ కుర్రాడితో దూరదర్శన్ హిందీలో కబుర్లు చెబుతున్నారు. అరుగు మీదకి ఎండొచ్చిందట.

ఆ విగ్రహం తమాషాగా ఉంటుంది. బ్రూనెలెస్కీ ఒళ్లో కాగితం పెట్టుకుని, తల పైకెత్తి తాను కట్టిన గుమ్మటాన్నే చూస్తుంటాడు. నాన్నా అలాగే తలెత్తి చూస్తున్నారు. కాకపోతే ఆయన తల మెల్లగా కదులుతోంది... ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందకి. “ఒక్కసారిగా అంతా ఆనదమ్మా. ముక్కలు ముక్కలుగా చూసి లోపల అతికించుకుంటున్నా” అన్నారు.

రోజుకి ఒక్కటే ఎందుకన్నారో అప్పుడర్థమైంది నాకు.

“ఇంతకీ ఇటుకలు చేపముల్లు వరసలో ఉన్నాయా?” అనడిగారు. గతుక్కుమన్నాను. ఆ రెండు గుమ్మటాల మధ్య నుంచే నడిచివెళ్లాను. ఇటుకలు మాత్రం చూడలేదు! తీసిన 46 ఫొటోలూ పైనుంచి కనిపించే ఊరివే. ఒక్కదాంట్లో, నా భుజం వెనక మసగ్గా, నిలువు ఇటుకల వరసొకటి పడింది. దాన్ని పెద్దది చేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు నాన్న. “ఉంది” అన్నారు.

తర్వాత నేను తొందరపెట్టడం మానేశానంటే అబద్ధమే. నాలుగోరోజు రెండు మ్యూజియాలు చూద్దామంటే, నాన్న ఊరి చివర కషీనె తోటకి తీసుకెళ్లమన్నారు. 1870లో కొల్హాపూర్ మహారాజు రాజారాం లండన్ వెళ్లొస్తూ ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. రెండు నదులు కలిసేచోట దహనం చేశారు. అక్కడ మండపం కింద తలపాగాతో ఆయన విగ్రహం ఉంది. పక్కనున్న వంతెనకి ‘భారతీయుడి వంతెన’ అనే అర్థం వచ్చే పేరు. నేను విసుక్కుంటూనే వెళ్లాను. నాన్న చెప్పులు విప్పి దణ్నం పెట్టుకున్నారు.

మైకెలాంజిలో డేవిడ్ అసలు విగ్రహం మేం చూడనేలేదు. కూడల్లో ఉన్న నకలు చూశాం. ఈ మాట చెబితే మా ఆఫీసులో అందరూ నన్ను తిట్టారు.

తిండి సంగతి... అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. మా ఆవకాయ సీసా మూడోరోజుకే సగమైంది. ఇక కాఫీకి, నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. నాన్న ప్రతిసారీ కూర్చునేవారు. “కూర్చోడానికేగా వచ్చాం!”

సియెనా ఎర్రటి ఇటుకల ఊరు. ఊరి మధ్య మైదానం గవ్వలా పల్లంగా ఉంటుంది. జనం దానిమీదే పడుకుని ఎండ కాచుకుంటారు. మేమూ పడుకున్నాం. ఇంకా పెద్ద చర్చి కడదామని 1339లో మొదలుపెట్టి, 1348 ప్లేగు తర్వాత వదిలేసిన గోడ ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. అదొక్కటే ఆ రోజుకి.

చివరిది లుక్కా. ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్లకి పైగా కోటగోడ, దానిమీద రోడ్డంత వెడల్పు బాట, చెట్లు. సైకిళ్లు ఎక్కువని నాన్న మోచెయ్యి పట్టుకున్నాను.

“ఎడంపక్క ఏముందో చెప్పు” అన్నారు.

“చెట్లు నాన్నా.”

“ఏం చెట్లు?”

నాకు తెలీదు. ఆగి, రాలిన ఆకొకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. అరచేతి కంటే పెద్దది. అంచులమ్మట వేలితో తడుముతూ నాన్న లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వెనకనుంచి సైకిల్ గంట మోగుతోంది. ఇద్దరం పక్కకి జరిగాం.